ఆర్గాన్ కుదిరింది, హీలియం ఎందుకు కుదరలేదు? నోబుల్ వాయువుల ఉష్ణ వాహకతను కొలవడం, లెక్కగట్టడం

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. 25 మైక్రాన్ల వ్యాసం, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న ప్లాటినం తీగను 10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న గాజు గొట్టం నడిమధ్యలో బిగించారు. గొట్టాన్ని 27 డిగ్రీల నీటి తొట్టిలో పెట్టారు. సంవహనం (వేడెక్కిన వాయువు పైకి లేచి వేడిని మోసుకెళ్లడం) వస్తుందేమోనన్న భయంతో వాయువును 20 కిలోపాస్కల్స్ దగ్గరే నింపారు. కరెంటు పంపి తీగను గోడకన్నా 10 డిగ్రీలు వేడెక్కించి, స్థిరపడ్డాక రీడింగ్ తీసుకున్నారు. ఉష్ణ వాహకత ఆర్గాన్‌కు 18.3, హీలియంకు 140 వచ్చింది. (యూనిట్ అంతటా ఒకటే: మీటరుకు, కెల్విన్‌కు మిల్లీవాట్లు. ఇకమీద సంఖ్య మాత్రమే రాస్తాను.) లెనార్డ్-జోన్స్ మోడల్‌తో (రెండు పరమాణువుల మధ్య ఆకర్షణ, వికర్షణలను ఒక సులువైన సూత్రంతో చెప్పేది) ఆర్గాన్‌కు లెక్క కడితే 18.0 వచ్చింది కాబట్టి ఆర్గాన్ సరిగ్గానే కొలిచాననీ, హీలియం సిలిండర్‌లోనే ఏదో కల్తీ ఉందనీ మీ అనుమానం. నిజమేనా, ఏ మోడల్ వాడాలి అని అడిగారు.

కల్తీ ఉండి ఉండొచ్చు, కానీ ఈ తేడా చెప్పడానికి కల్తీ అక్కర్లేదు. అసలు సంగతి ఏమిటంటే మీ ఆర్గాన్ కూడా తప్పే. 300 కెల్విన్ దగ్గర ఆర్గాన్ ఉష్ణ వాహకత 17.75 దగ్గర ఉంటుంది, హీలియంది 156కు కాస్త తక్కువ. మీ ఆర్గాన్ మూడు శాతం ఎక్కువ, హీలియం పది శాతం తక్కువ. మీ కొలతలోని తప్పు, మీ మోడల్‌లోని తప్పు రెండూ ఒకే వైపుకు ఒరిగాయి, అందుకే ఆర్గాన్ దగ్గర చేతులు కలిపాయి. మోడల్‌తో కుదిరింది కదా అని కొలతను నమ్మడం ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు. నోబుల్ వాయువుల దగ్గర మాత్రం ఆ అలవాటు అవసరమే లేదు, ఎందుకంటే వీటికి ఇంకా గట్టి తనిఖీ ఒకటి ఉంది.

ఆ తనిఖీ స్నిగ్ధత, అంటే వాయువు పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా అడ్డుకునే గుణం. హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్ అన్నీ ఏకపరమాణుక వాయువులు. పరమాణువు తనతో మోసుకెళ్లే శక్తి అంతా దాని కదలికలోనే ఉంటుంది. నైట్రోజన్‌కో కార్బన్ డయాక్సైడ్‌కో ఉన్నట్టు భ్రమణం, కంపనం అనే చిక్కులు లేవు. అందువల్ల ఒక పొర నుంచి మరో పొరకు ద్రవ్యవేగం చేరవేసే ఢీకొనడాలే శక్తినీ చేరవేస్తాయి, రెంటికీ మధ్య సంబంధం దాదాపు ఖచ్చితంగా తేలుతుంది: ఉష్ణ వాహకత = 15/4 × (వాయు స్థిరాంకం ÷ మోలార్ ద్రవ్యరాశి) × స్నిగ్ధత. పరమాణువుల మధ్య బలం ఎలాంటిదో తెలియకపోయినా ఈ సంబంధం నిలబడుతుంది. అదే దీని బలం.

చేసి చూడండి. ఆర్గాన్ స్నిగ్ధత 300 కెల్విన్ దగ్గర 22.7 మైక్రోపాస్కల్-సెకన్లు. వాయు స్థిరాంకం 8.314ను 0.039948తో భాగిస్తే 208.1, దాన్ని 15/4తో గుణిస్తే 780.5, దాన్ని స్నిగ్ధతతో గుణిస్తే 17.7. హీలియం స్నిగ్ధత 19.9, అదే లెక్కకు 155 వస్తుంది. జినాన్ స్నిగ్ధత ఆర్గాన్‌కన్నా కాస్త ఎక్కువే, 23.2, కానీ పరమాణువు మూడు రెట్లకు పైగా బరువు, అందుకే వాహకత 5.5కు పడిపోతుంది. నియాన్ 49 చిల్లర, క్రిప్టాన్ 9.5. ఐదు వాయువుల స్నిగ్ధతలూ 20 నుంచి 32 లోపలే ఉంటే వాహకతలు మాత్రం 5.5 నుంచి 156 దాకా పరుచుకున్నాయి. ఆ తేడా అంతా దాదాపు బరువుదే.

స్నిగ్ధతను కేశనాళికతోనో, ఊగే బిళ్లతోనో వాహకతకన్నా నమ్మకంగా కొలవొచ్చు. అందుకే మంచి ప్రయోగశాలలు కొత్త వాహకత పరికరం కట్టగానే ముందు ఆర్గాన్ నింపి, ఈ నిష్పత్తి వస్తుందా లేదా అని చూసుకుంటాయి. జోసెఫ్ కెస్టిన్ బృందం 1970లలో, 1980లో నోబుల్ వాయువులపై చేసిన హాట్ వైర్ (సన్నటి తీగను వేడెక్కించి కొలిచే) కొలతల్లో కూడా ఇదే గీటురాయి. ఆ 15/4 కూడా సరిగ్గా 15/4 కాదని మాత్రం గుర్తుంచుకోండి. పరమాణువుల ఢీకొనడాల నుంచి వాయువు గుణాలను లెక్కగట్టే చాప్మన్-ఎన్స్‌కోగ్ సిద్ధాంతంలో పై మెట్టు లెక్కలు కలిపితే హీలియంకు అది వెయ్యింట మూడు నాలుగు పాళ్లు పెరుగుతుంది. మీ స్థాయి ప్రయోగానికి అది లెక్కలోకి రాదు.

ఇప్పుడు మీ సెల్‌లోకి వద్దాం. ఆర్గాన్ ఎక్కువ, హీలియం తక్కువ రావడమే ఇక్కడ మంచి ఆధారం. అంటే కనీసం రెండు తప్పులు ఎదురెదురుగా పని చేస్తున్నాయి, ఒక్కో వాయువు దగ్గర ఒక్కోటి పైచేయి సాధిస్తోంది.

మొదటిది తీగ కొసలు. స్థిర స్థితి సూత్రం తీగ పొడవంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉందనుకుంటుంది. నిజానికి రెండు కొసలూ లావాటి లీడ్‌లకు టంకం వేసి ఉంటాయి, అవి చల్లగా ఉంటాయి. కొస నుంచి ఎంత దూరం ఈ చల్లదనం పాకుతుందో లెక్క కట్టవచ్చు: తీగ వాహకతను దాని అడ్డుకోత వైశాల్యంతో గుణించి, దాన్ని ఒక మీటరు పొడవు నుంచి వాయువు లాక్కునే వేడితో భాగించి, వర్గమూలం తీయండి. మీ తీగకు ఆర్గాన్‌లో ఆ దూరం 1.4 మిల్లీమీటర్లు. రెండు కొసలూ కలిపి 10 సెంటీమీటర్లలో 2.8 శాతం. అంటే తీగ సగటు ఉష్ణోగ్రత అంతమేర తగ్గింది, మీకు వాహకత అంతమేర పెరిగినట్టు కనిపించింది. హీలియం వేడిని బాగా లాక్కుంటుంది కాబట్టి ఆ దూరం అర మిల్లీమీటరు కూడా ఉండదు, తప్పు 0.9 శాతమే. ఇదే తీగతో జినాన్ కొలిస్తే తప్పు 5 శాతానికి చేరుతుంది. వాయువు ఎంత పేలవమైన వాహకమో కొసలు అంత దోచుకుంటాయి.

రెండోది చాలామంది పట్టించుకోనిది: ఏ ఉష్ణోగ్రతకు ఈ విలువ? గోడ 27, తీగ 37 అయితే మీరు కొలిచింది 27 దగ్గరి వాహకత కాదు, సుమారు 32 దగ్గరిది. 300 కెల్విన్ ప్రాంతంలో ఆర్గాన్ వాహకత ఉష్ణోగ్రతకు 0.8 ఘాతంలో పెరుగుతుంది, కాబట్టి ఐదు డిగ్రీలకు 1.3 శాతం. హీలియంకు 1.2. కొలత తప్పు కాదు, పోల్చిన పట్టిక గడి తప్పు.

వికిరణం మీ విషయంలో చిన్నది, ఆర్గాన్‌కు పావు శాతం చుట్టూ. తీగ సన్నం, ప్లాటినం మెరుపు, ఉష్ణోగ్రత తక్కువ. దీని గురించి టెన్షన్ వద్దు.

ఇక హీలియంను ముంచింది టెంపరేచర్ జంప్. తీగను ఆనుకున్న వాయువు ఉష్ణోగ్రత తీగ ఉష్ణోగ్రతతో సమానమని పుస్తకంలోని సూత్రం అనుకుంటుంది. పీడనం తగ్గితే అది నిజం కాదు. తీగను తాకి వెనక్కి వెళ్లే పరమాణువు ఒక్క తాకిడిలో తీగ వేడిని పూర్తిగా అందుకోదు. ఎంత భాగం అందుకుంటుందో చెప్పేదే అకామడేషన్ గుణకం. బరువైన ఆర్గాన్ మామూలు ప్లాటినం మీద 85 శాతం దాకా సర్దుకుంటుంది. తేలికైన హీలియం 30 శాతం దగ్గర. పూర్తిగా శుభ్రపరిచిన టంగ్‌స్టన్ మీదైతే హీలియం గుణకం వందలో కొన్ని పాళ్లకే దిగజారుతుందని 1930లలో జె. కె. రాబర్ట్స్ కొలిచి చూపించారు. దానికి తోడు హీలియం స్వేచ్ఛాపథం (ఒక ఢీకొనడానికీ ఇంకోదానికీ మధ్య పరమాణువు వెళ్లే సగటు దూరం) కూడా పొడుగు: ఒక అట్మాస్ఫియర్ దగ్గర 0.19 మైక్రాన్లు, ఆర్గాన్‌ది 0.07. మీరు పీడనాన్ని ఐదో వంతుకు దించారు కాబట్టి రెండూ ఐదు రెట్లయ్యాయి.

ఈ రెండూ కలిస్తే తీగ చుట్టూ అదనంగా ఒక వాయుపొర ఉన్నట్టు లెక్క. మీ హీలియంకు ఆ పొర మందం 10 మైక్రాన్లు వస్తుంది, తీగ వ్యాసార్ధం 12.5 మైక్రాన్లు మాత్రమే. 10.4ను 12.5తో భాగిస్తే 0.83. మీ సూత్రంలో ఉండే లాగరిథం, అంటే 5 మిల్లీమీటర్లను 12.5 మైక్రాన్లతో భాగించినదాని సహజ లాగరిథం, 5.99. దానికి 0.83 కలపాలి. కలపలేదు కాబట్టి వాహకత దాదాపు 12 శాతం తక్కువ చూపించింది. ఆర్గాన్‌కు ఇదే తప్పు 1.2 శాతం.

కూడి చూడండి. ఆర్గాన్: ఉష్ణోగ్రత వల్ల 1.3, కొసల వల్ల 2.8, వికిరణం వల్ల 0.3 ఎక్కువ, జంప్ వల్ల 1.2 తక్కువ. మొత్తం 3.2 శాతం ఎక్కువ. 17.75 కాస్తా 18.3 అవుతుంది. హీలియం: 155.7ను ఉష్ణోగ్రతకు సవరిస్తే 157.5, కొసలకు 159, జంప్‌కు 1.139తో భాగిస్తే 139.5. మీ రెండు అంకెలూ అచ్చంగా వచ్చేశాయి. అకామడేషన్ గుణకాలు నేను అనుకున్నవే, మీ తీగవి కొంచెం అటూఇటూ ఉండొచ్చు. కానీ అనుకోనవసరం లేకుండా మీరే తేల్చే మార్గం ఉంది.

హీలియంను 20, 40, 60, 100 కిలోపాస్కల్స్ దగ్గర కొలవండి. అడ్డం మీద పీడనం విలోమం, నిలువు మీద వాహకత విలోమం వేసి గ్రాఫ్ గీయండి. నేను పైన అనుకున్న గుణకమే అయితే, మిగతా సవరణలన్నీ చేశాక, 300 కెల్విన్‌కు 20 దగ్గర 137, 40 దగ్గర 146, 100 దగ్గర 152 వరకు చూపించాలి. బిందువులు సరళరేఖ మీద పడతాయి. ఆ రేఖ నిలువు అక్షాన్ని తాకే చోటు అసలు వాహకత విలోమం. రేఖ వాలు నుంచి మీ తీగకు, మీ హీలియంకు చెందిన అకామడేషన్ గుణకం కూడా ఉచితంగా దొరుకుతుంది. తక్కువ పీడనంలో గోడ దగ్గర ఉష్ణోగ్రత అంతరం ఉంటుందని కుంట్, వార్‌బర్గ్ 1875లోనే ఊహించారు; 1898లో స్మొలుకోవ్‌స్కీ దాన్ని ప్రయోగంతో స్థాపించారు. ఈ విలోమ పీడన గ్రాఫ్ అక్కడి నుంచి వచ్చిన సంప్రదాయమే. ఇన్నేళ్ల తర్వాత కూడా దీన్ని మించిన సులువైన చిట్కా నాకు తెలియదు.

సంవహనానికి మీరు భయపడాల్సిన పనే లేదు. సంవహనం మొదలవుతుందా లేదా చెప్పే రేలీ సంఖ్యను మీ సెల్‌కు, 10 డిగ్రీల తేడాకు, ఒక అట్మాస్ఫియర్‌కు కడితే హీలియంకు 2 కూడా రాదు. ఆర్గాన్‌కు 135. వెయ్యి లోపల ఉంటే ఇలాంటి సన్నటి నిలువు గొట్టంలో సంవహనం మోసే వేడి నామమాత్రం. ఈ సంఖ్య పీడనం వర్గంతో పెరుగుతుంది. హీలియంను ఐదు అట్మాస్ఫియర్లకు తీసుకెళ్లినా 50 దాటదు (గొట్టం ఆ పీడనాన్ని తట్టుకుంటేనే సుమా, మామూలు గాజుతో ఆ సాహసం చేయకండి). జినాన్‌కు మాత్రం ఒక అట్మాస్ఫియర్‌కే 1400 దాటుతుంది, అక్కడ మీ జాగ్రత్త సరైనదే. అంటే పీడనం తగ్గించాల్సింది జినాన్‌కు, పెంచాల్సింది హీలియంకు. అన్ని వాయువులకూ ఒకే పీడనం పెట్టడం న్యాయంగా కనిపిస్తుంది గానీ ఈ ప్రయోగంలో అది అన్యాయం.

పీడనం దేనితో కొలిచారో మీరు రాయలేదు. పైరానీ గేజ్ అయితే దాన్ని పక్కన పెట్టేయండి. 1906లో మార్చెల్లో పైరానీ చేసిన ఆ గేజ్ పని చేసేదే వాయువు ఉష్ణ వాహకత మీద. నైట్రోజన్‌కు సరిచేసిన పైరానీ హీలియంలో ఎక్కువ పీడనం, ఆర్గాన్‌లో తక్కువ పీడనం చూపిస్తుంది. అసలు 20 కిలోపాస్కల్స్ దాని పరిధి కూడా కాదు. వాయువుతో సంబంధం లేని డయాఫ్రమ్ గేజో, పాదరసం మానోమీటరో వాడండి.

కొసల తప్పుకు రెండు దారులు. ఒకటి, పైన చెప్పిన లెక్కతో సవరించడం. రెండోది, అదే తీగ చుట్ట నుంచి ఒకటి 10, ఇంకొకటి 5 సెంటీమీటర్లు కత్తిరించి రెండు సెల్‌లు కట్టి, రెంటి నిరోధాల తేడాను తీసుకోవడం. కొసలు రెండింట్లోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి తీసివేతలో పోతాయి, మిగిలేది కొసలు లేని 5 సెంటీమీటర్ల తీగ. హార్మన్ 1971లో వాయువులకు కట్టిన పరికరం దగ్గర నుంచి మంచి హాట్ వైర్ పరికరాలన్నీ రెండు తీగలతోనే కడుతున్నారు. నేనైతే లెక్కనూ చేస్తాను, రెండో తీగనూ కడతాను. రెండూ ఒకే జవాబు ఇస్తే అప్పుడు నిద్ర పడుతుంది.

తీగను బిగించే తీరు ఒకసారి దగ్గరగా చూడండి. మీ తీగ నిరోధం 22 ఓముల దగ్గర ఉండాలి. 10 డిగ్రీలకు అది పెరిగేది 0.8 ఓము దగ్గర. లీడ్‌లోనో టంకంలోనో 0.01 ఓము తెలియకుండా కలిసినా 1 శాతం పైచిలుకు తప్పు, కాబట్టి నాలుగు లీడ్‌ల పద్ధతి (కరెంటుకు రెండు, వోల్టేజీ కొలవడానికి వేరే రెండు) తప్ప వేరేది ఆలోచించకండి. తీగ 10 డిగ్రీలు వేడెక్కితే 9 మైక్రాన్లు సాగుతుంది. ఇది ఏ మూలకని అనిపిస్తుంది. కానీ రెండు కొసలూ కదలకుండా బిగించి, గొట్టాన్ని అడ్డంగా పడుకోబెడితే ఆ 9 మైక్రాన్ల సాగుదలకే తీగ నడుమ అర మిల్లీమీటరుకు పైగా వేలాడుతుంది. భూతద్దం అక్కర్లేదు, వెలుగులో పక్క నుంచి చూస్తే కనిపిస్తుంది. గొట్టాన్ని నిలువుగా పెట్టి, కింది కొసకు మెత్తటి బంగారు స్ప్రింగో, చిన్న బరువో తగిలిస్తే ఈ బెడద పోతుంది.

కల్తీ గురించి మీ అనుమానం పూర్తిగా వృథా కాదు, కానీ భయపడాల్సింది సిలిండర్ గురించి కాదు, సెల్‌లో మిగిలిపోయే పాత వాయువు గురించి. హీలియం తర్వాత ఆర్గాన్ నింపేటప్పుడు సెల్‌లో 1 శాతం హీలియం మిగిలినా ఆర్గాన్ వాహకత 3 శాతానికి పైగా పెరుగుతుంది. హీలియంలో 1 శాతం ఆర్గాన్ ఉంటే సుమారు 2 శాతం తగ్గుతుంది. మార్చిన ప్రతిసారీ పంపు చేసి, కొత్త వాయువుతో కడిగి, మళ్లీ పంపు చేసి నింపండి.

స్థిర స్థితి వదిలేసి ట్రాన్సియెంట్ హాట్ వైర్‌కు వెళ్లమని మీకు ఎవరో సలహా ఇచ్చారన్నారు. ఆ పద్ధతిలో తీగకు ఒక్కసారిగా కరెంటు ఇచ్చి ఒక సెకను లోపు అది ఎలా వేడెక్కుతుందో చూస్తారు. ఉష్ణోగ్రతను కాలం లాగరిథంతో గీస్తే సరళరేఖ, దాని వాలు నుంచి వాహకత. జంప్ ఆ రేఖను మొత్తంగా పైకి జరుపుతుందే తప్ప వాలును పెద్దగా మార్చదు. సంవహనం మొదలైతే రేఖ వంగి తనంతట తానే బయటపడుతుంది. అందుకే ఈనాటి అత్యుత్తమ కొలతలు, అర శాతం లోపు అనిశ్చితి ఉన్నవి, దీనితోనే వచ్చాయి. అయితే హీలియంలో వేడి ఎంత తొందరగా పరుగెడుతుందంటే ఒక అట్మాస్ఫియర్ దగ్గర మీ 5 మిల్లీమీటర్ల గోడను సుమారు 34 మిల్లీసెకన్లలో చేరుతుంది. ఆర్గాన్‌కు 0.3 సెకను పడుతుంది. గోడ తగిలాక ఆ సరళరేఖ సూత్రం చెల్లదు. అందుకే నిపుణులు పీడనాన్ని పదుల అట్మాస్ఫియర్లకు పెంచి, వేడి పాకే వేగాన్ని తగ్గించి, అక్కడి నుంచి సున్నా సాంద్రతకు వెనక్కి లాగుతారు. కెస్టిన్ బృందం 1980లో 35 మెగాపాస్కల్స్ దాకా వెళ్లింది. ఎక్కువ పీడనం తట్టుకునే సెల్, వేగంగా రీడింగ్ తీసే ఎలక్ట్రానిక్స్ లేకుండా ఇది మీకు పనికిరాదు. ఒక అట్మాస్ఫియర్ చుట్టుపక్కల, విద్యార్థి బడ్జెట్‌లో, మీ స్థిర స్థితి సెల్లే మేలు. సవరణలు మాత్రం తప్పించుకోలేరు.

ఇక మోడల్. మీ లెనార్డ్-జోన్స్ లెక్క నేనూ వేశాను: పరమాణువు వ్యాసం 3.405 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఆకర్షణ ఎంత బలమో చెప్పే బావి లోతు 120 కెల్విన్. 300ను 120తో భాగిస్తే 2.5, దానికి కొలిజన్ ఇంటిగ్రల్ (గట్టి గోళాలతో పోలిస్తే ఢీకొనడాలు ఎంత మారతాయో చెప్పే అంకె) 1.093, వాహకత 18.0. లెక్కలో పొరపాటు లేదు. మోడలే అంత. అసలు విలువకన్నా 1.5 శాతం ఎక్కువ ఇస్తుంది. ఎందుకో తెలుసుకోవడం ముఖ్యం.

రెండు ఆర్గాన్ పరమాణువుల మధ్య నిజమైన ఆకర్షణ బావి లోతు 120 కాదు, 143 కెల్విన్ దగ్గర. దూరంలో ఉన్నప్పుడు ఆకర్షణ మాత్రం లెనార్డ్-జోన్స్ చెప్పినదానికన్నా బాగా తక్కువ; మోడల్ దాన్ని నిజ విలువకు 1.6 రెట్లకు పైగా చూపిస్తుంది. బావి లోతు తక్కువ, తోక బలం ఎక్కువ: ఒక తప్పు ఇంకో తప్పును కప్పిపుచ్చి, గది ఉష్ణోగ్రత దగ్గర సర్దుకుపోతుంది. 100 కెల్విన్‌కో 1000 కెల్విన్‌కో వెళితే ఆ సర్దుబాటు చెదిరిపోతుంది. కాబట్టి లెనార్డ్-జోన్స్‌ను అంచనాకు వాడండి, కొలతకు సాక్ష్యంగా వాడకండి.

ఇప్పుడు దానికన్నా మేలైనది ఉచితంగానే ఉంది. రెండు పరమాణువుల మధ్య బలాన్ని క్వాంటం మెకానిక్స్ నుంచి నేరుగా లెక్కగట్టి, దాని నుంచి చాప్మన్-ఎన్స్‌కోగ్ మార్గంలో స్నిగ్ధతనూ వాహకతనూ రాబట్టారు. జర్మనీలోని రోస్టాక్ విశ్వవిద్యాలయంలో బిష్, హెల్మన్, ఫోగెల్, యేగర్ తదితరులు హీలియంకు 2007లో, నియాన్‌కు 2008లో, ఆర్గాన్‌కు 2010లో, క్రిప్టాన్‌కు 2016లో, జినాన్‌కు 2017లో పట్టికలు ఇచ్చారు. హీలియంకు 2012లో త్సెన్‌త్సెక్, షాలెవిచ్ బృందం సాపేక్షతా సవరణలు కూడా కలిపిన పొటెన్షియల్ (దూరంతో పరమాణువుల మధ్య శక్తి ఎలా మారుతుందో చెప్పే వక్రం) ఇచ్చింది. హీలియంలో ఉన్నవి రెండే ఎలక్ట్రాన్లు కాబట్టి లెక్క అంత దూరం లాక్కుపోగలిగారు. 298.15 కెల్విన్ దగ్గర హీలియం స్నిగ్ధత 19.83, వాహకత 155.0 అని ఇప్పుడు లెక్కే చెబుతుంది, ఏ పరికరమూ దాని ఖచ్చితత్వానికి దగ్గరికి కూడా రాలేదు.

నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చే మలుపు ఇదే. స్టీఫన్ 1872లో వియన్నాలో గాలి వాహకతను మొదటిసారి కొలిచినప్పుడు మాక్స్‌వెల్ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి కొలత కావాల్సి వచ్చింది. ఇవాళ హీలియం విషయంలో కొలతను పరీక్షించడానికి సిద్ధాంతం వాడుతున్నారు. 2007లో మే, బెర్గ్, మోల్డోవర్ ఆర్గాన్, జినాన్ స్నిగ్ధతలను హీలియంతో నిష్పత్తిగా కొలిచి, హీలియం విలువను లెక్క నుంచి తీసుకున్నారు. నిష్పత్తిని కొలవడం తేలిక, సంపూర్ణ విలువను కొలవడం కష్టం. మీరూ ఇదే చేయొచ్చు: మీ సెల్‌ను ఒక అట్మాస్ఫియర్ హీలియంతో, జంప్ సవరణతో సరిచూసుకుని, ఆ తర్వాత ఆర్గాన్, జినాన్ కొలవండి. తీగ వ్యాసం, పొడవు ఎంతో తెలియాల్సిన బాధ చాలావరకు తగ్గుతుంది.

ఇంత ఖచ్చితత్వం ఎవరికి కావాలంటే, ఉష్ణోగ్రతను కొలిచేవాళ్లకు. 2019లో కెల్విన్‌ను బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం ద్వారా కొత్తగా నిర్వచించడానికి ముందు, ఆర్గాన్ లేదా హీలియం నింపిన లోహపు గోళంలో ధ్వని వేగాన్ని పదిలక్షల్లో ఒక వంతుకు కొలవాల్సి వచ్చింది. గోడను ఆనుకున్న వాయుపొరలోకి ధ్వని శక్తి కొంత వేడిగా జారిపోతుంది, ఆ సవరణ వాయువు ఉష్ణ వాహకత మీదే ఆధారపడుతుంది.

ఉష్ణోగ్రతతో వాహకత ఎలా మారుతుందో రాసేటప్పుడు అన్ని వాయువులకూ ఒకే ఘాతం వాడకండి. గట్టి గోళాలైతే 0.5 రావాలి. 300 నుంచి 400 కెల్విన్ మధ్య హీలియంకు 0.7, ఆర్గాన్‌కు 0.8, జినాన్‌కు 0.9 దరిదాపుల్లో వస్తుంది. పరమాణువుల మధ్య ఆకర్షణ ఎంత బలమైనదైతే, గది ఉష్ణోగ్రత దానికి అంత చల్లటిది. హీలియం బావి లోతు 11 కెల్విన్లే కాబట్టి 300 దానికి మండుటెండ.

జినాన్ గురించి ఒక హెచ్చరిక. దాని సందిగ్ధ ఉష్ణోగ్రత (క్రిటికల్ టెంపరేచర్, దీనికి పైన ఎంత నొక్కినా వాయువు ద్రవంగా మారదు) 289.7 కెల్విన్, అంటే 16.6 డిగ్రీల సెల్సియస్. మన గది ఉష్ణోగ్రతకు పక్కనే. తక్కువ పీడనంలో ఫర్వాలేదు. కానీ 58 అట్మాస్ఫియర్ల దగ్గరికి తీసుకెళితే సందిగ్ధ బిందువు దగ్గర వాహకత అసాధారణంగా ఎగబాకుతుంది, పైన చెప్పిన ఏ సూత్రమూ పనిచేయదు. పీడనంతో జినాన్‌ను కొలిచే ఆలోచన ఉంటే 350 కెల్విన్ పైన మొదలుపెట్టండి.

చివరగా మిశ్రమాలు, మీ ప్రాజెక్టు రెండో భాగం అదేనన్నారు. సగం హీలియం, సగం ఆర్గాన్ అయితే సగటు 87 అనుకుంటే మోసపోతారు. బరువైన ఆర్గాన్ పరమాణువులు హీలియం దారికి అడ్డం పడతాయి, విలువ 60 దగ్గరకు దిగుతుంది. దీనికి వాసిల్యెవా 1904లో ఇచ్చిన సమీకరణం రూపాన్ని తీసుకుని, 1958లో మేసన్, సక్సేనా దాని గుణకాలను స్నిగ్ధత, మోలార్ ద్రవ్యరాశుల నుంచే కట్టే మార్గం చూపారు. ఆ సక్సేనా మనవాడే. 1950లలో కలకత్తాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో శ్రీవాస్తవతో కలిసి నోబుల్ వాయు మిశ్రమాల వాహకతలను కొలిచారు. మీ ఫలితాలను ఆ కొలతలతో పోల్చండి.

మిశ్రమాల్లో హీలియం-జినాన్‌ను కూడా కొలవగలిగితే కొలవండి. అణు ఇంధన కడ్డీలో గుళికకూ తొడుగుకూ మధ్య సన్నటి సందులో మొదట హీలియం ఉంటుంది. విచ్ఛిత్తి సాగేకొద్దీ గుళిక నుంచి జినాన్, క్రిప్టాన్ బయటికొచ్చి అందులో కలుస్తాయి, సందులో వాహకత పడిపోతుంది, గుళిక మరింత వేడెక్కి ఇంకా వాయువును వదులుతుంది. హైదరాబాద్‌లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ తయారుచేసే ఇంధనం తీరును లెక్కగట్టేవాళ్లకు ఈ మిశ్రమపు వాహకత నిత్యం కావాల్సిన అంకె.

ముందుగా హీలియం నాలుగు పీడనాల గ్రాఫ్ గీసి ఇక్కడ పెట్టండి. రేఖ తిన్నగా రాకపోతే, ముఖ్యంగా ఎక్కువ పీడనం వైపు కిందికి వంగితే, తీగ సగటు ఉష్ణోగ్రత ఎలా తీశారో, ఎంత కరెంటు ఇచ్చారో కూడా రాయండి. హీలియంలో 10 డిగ్రీలకు మీకు పీడనాన్ని బట్టి 80 నుంచి 84 మిల్లీఆంపియర్ల దాకా పట్టాలి, ఆర్గాన్‌లో 29. ఆ రెండు అంకెలూ అటూఇటూగా కుదిరితే నిరోధం కొలతలో తప్పు లేదని తేలుతుంది, అప్పుడు వెతకాల్సింది పీడనం గేజ్‌లో.